పూటకూళ్లవాడి ఖాతా

యేసు చెప్పిన మంచి సమరయుడి కథ మీద ప్రసంగం విననివాళ్లు మా చర్చిలో ఎవరూ ఉండరు. సండే స్కూలు పిల్లలతో నాటిక వేయించాలంటే ముందు గుర్తొచ్చేది అదే. దొంగల వేషాలకు పోటీ ఎక్కువ. దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషిని యాజకుడు, మందిర సేవకుడైన లేవీయుడు చూసీ చూడనట్టు పక్కనుంచి వెళ్లిపోతారు, సమరయుడు ఆగి నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కడతాడు, పూటకూళ్లింటికి చేరుస్తాడు, అందరూ చప్పట్లు కొడతారు. పూటకూళ్లవాడి వేషం మాత్రం ఎవరూ అడగరు. మాటల్లేని పాత్ర. భుజాన తువ్వాలు వేసుకుని ఒక మూల నిలబడి డబ్బులు తీసుకోవడమే అతని పని. నేనైతే ఈ కథను ఎప్పుడూ అతని వైపు నుంచే చదువుతాను. ఎందుకంటే నాదీ దాదాపు అదే బతుకు. కర్నూల్లో ఒక ఆసుపత్రికి ఎదురుగా మెడికల్ షాపు నడుపుతాను.

ఆసుపత్రి ఎదుట కూర్చుంటే లేమి ఎన్ని వేషాల్లో వస్తుందో తెలుస్తుంది. చేయి చాపి అడిగేవాళ్ల సంగతి సులువు. ఇస్తే ఇస్తాం, లేదంటే లేదు. అడగనివాళ్లతోనే చిక్కు. చీటీ కౌంటరు మీద పెడతారు. మందులన్నీ తీసి, లెక్కకట్టి, ఇంత అయిందని చెప్తాను. కాసేపు మాట్లాడరు. తర్వాత వచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "అన్నా, ఇందులో ముఖ్యమైంది ఏది?" ఐదు మందులు రాస్తే వాటిలో ఏది మానేస్తే ప్రాణానికి ముప్పు రాదో చెప్పమని నన్ను అడుగుతున్నారన్నమాట. ఆ మాట డాక్టరును అడగలేరు, సిగ్గు. కొందరు షీటు సగానికి కత్తిరించమంటారు. అందుకే కత్తెర ఎప్పుడూ కౌంటరు మీదే ఉంటుంది. ఐదు రోజులకు రాసిన యాంటీబయాటిక్ రెండు రోజులకు తీసుకుని, "మిగతాది ఊరికి పోయినాక తీసుకుంటాంలే" అంటారు. తీసుకోరని వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు.

వైద్యానికే దిక్కులేదని నేననడం లేదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పెద్ద ఆపరేషన్ల భారం చాలావరకు ప్రభుత్వం మీదికి పోయింది. ఇప్పుడు కుటుంబాన్ని పడగొట్టేది ఆపరేషన్ చుట్టూ ఉండే ఖర్చు. మంచం పట్టిన మనిషికి డైపర్లు, యూరిన్ బ్యాగులు, వీపుకు పుండ్లు పడకుండా గాలి పరుపు. పక్షవాతం వచ్చినాయన బతికినన్నాళ్లూ మింగాల్సిన బీపీ మాత్రలు. పక్కన కూర్చున్న భార్యకు పోయిన కూలి. వీటికి ఏ కార్డూ ఉండదు.

మా చర్చిలో ఒక రిటైర్డ్ నర్సు ఉన్నారు. చిన్నా పెద్దా అందరూ సిస్టరమ్మ అనే అంటారు. కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం షాపుకొచ్చి కవరు ఒకటి కౌంటరు మీద పెట్టారు. పెన్షన్ డబ్బులు.

"చూడు నాయనా, రేటు విని మాట్లాడకుండా వెనక్కి పోతారే, వాళ్లను పిలువు. పిలిచి మందులివ్వు. నేనిచ్చానని చెప్పొద్దు. చర్చి పేరు అసలే ఎత్తొద్దు."

"మరి ఎవరిచ్చారని చెప్పాలి సిస్టరమ్మా?"

"కంపెనీవాళ్లు డిస్కౌంట్ ఇచ్చారని చెప్పు."

"అబద్ధం చెప్పమంటారా?"

"అబద్ధమెందుకవుతుంది? నేనే కంపెనీ."

నవ్వాను గానీ నాలోని వ్యాపారికి అసలు సందేహం తీరలేదు. కవరులో ఉన్నదానికి మించి అయితే ఏం చేయాలని అడిగాను. "రాసిపెట్టు. ఒకటో తారీకు వచ్చి కడతా" అన్నారు. అన్నట్టే వస్తారు, పుస్తకం తిప్పుతారు, కడతారు. ఎవరికిచ్చావని ఒక్కసారీ అడగలేదు. మందుల పేర్లు మాత్రం చూస్తారు, నర్సు కదా. "ఈ సిరప్పు దండగ, ఇది ఇవ్వకు" అని కోప్పడిన సందర్భాలున్నాయి.

లూకా సువార్త పదో అధ్యాయం తీసి చూడండి. "మరునాడతడు రెండు దేనారములు తీసి ఆ పూటకూళ్లవానికిచ్చి... నీవింకేమైన ఖర్చు చేసినయెడల నేను మరల వచ్చునప్పుడు అది నీకు తీర్చెదనని" చెప్పి పోయాడట. దేనారమంటే ఆ రోజుల్లో ఒక రోజు కూలి. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని కూలివాళ్లతో బేరం కుదుర్చుకున్నది దానికే. మన లెక్కలోకి తెచ్చుకుందాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. రెండు రోజులకు 614. సమరయుడు చేతిలో పెట్టింది అంతే, ఆస్తి రాసివ్వలేదు. ఆ కథలో నన్ను ఆపేసేది ఆ తర్వాతి మాట. ఇంకెంతైనా సరే, నేను తిరిగొచ్చి కడతాను. ముక్కూ మొహం తెలియని ఒక మనిషి వైద్యానికి పైపరిమితి పెట్టకుండా ఖాతా తెరిచాడు. వ్యాపారం చేసేవాళ్లెవరినైనా అడగండి, ఇలాంటి మాట ఇవ్వడం ఎంత కష్టమో, దాన్ని నమ్మి సరుకు ఇవ్వడం ఎంత కష్టమో చెప్తారు. మాట నమ్మాడంటే సమరయుడు ఆ దారిలో అలవాటుగా తిరిగేవాడే అయ్యుండాలని, ఇంతకుముందు కూడా బాకీ తీర్చినవాడే అయ్యుండాలని నా ఊహ. గ్రంథంలో లేదు, షాపువాడి బుద్ధి.

ఇంకొకటి కూడా ఉంది. మరునాడు అతను వెళ్లిపోయాడు. తన పనులన్నీ మానుకుని రోగి మంచం పక్కన కూర్చోలేదు. చూసుకోవడం తెలిసినవాడికి అప్పజెప్పి, డబ్బు కట్టి, తిరిగొస్తానన్నాడు. కనికరం అనగానే మనం కళ్లలో నీళ్లు తిరగడం, చేతులు పట్టుకుని ప్రార్థన చేయడం, ఒక డజను అరటిపండ్లు పట్టుకుని వార్డంతా తిరగడం అనుకుంటాం. తప్పని అనను. రోగికి మనిషి తోడు కావాలి. కానీ యేసు ఈ కథలో కనికరానికి ఇచ్చిన రూపం ముందుగా కట్టు కట్టడం, తర్వాత బిల్లు కట్టడం. మనం మొదటిది నాటికలో చూపిస్తాం, రెండోదాన్ని తెర వేసి దాటేస్తాం.

నా వాదన అంతా ఇదే. మన సంఘాల దాతృత్వం ఒక్క రోజుది. తిరిగొచ్చే దాతృత్వం మనకు అలవాటు కాలేదు.

డిసెంబరు చూడండి. ఇరవయ్యో తారీకు నుంచి క్రిస్మస్ దాకా ఆసుపత్రుల ముందు, బస్టాండు దగ్గర, రైల్వే స్టేషన్ దగ్గర పులిహోర పొట్లాలు, కేకు ముక్కలు, దుప్పట్లు. ఒకే పేషెంటు పక్కన మూడు సంఘాల దుప్పట్లు మడతబెట్టి ఉండటం చూశాను. అన్నం పొట్లం తినలేక వదిలేసినవి గోడవారగా కుక్కలు లాగుతుంటాయి. జనవరి మొదటి వారానికి అంతా ఖాళీ. మన జిల్లా పడమటి వైపు, ఆదోని, కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు మండలాల్లో మనుషులు సుగ్గికి పోయేది సరిగ్గా ఆ తర్వాతే. మిరపకాయలు కోయడానికి గుంటూరు దిక్కు ఇంటికి తాళం వేసి పోతారు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, కొన్ని ఇళ్లలో బడి పిల్లలు. ఆ ముసలివాళ్లకు జబ్బు చేస్తే మా ఆసుపత్రికి తీసుకొచ్చేది పక్కింటి పిల్లో, తొమ్మిదో తరగతి మనవడో. ఫిబ్రవరి, మార్చి నెలల్లో "ముఖ్యమైంది ఏది" అని అడిగేవాళ్లు ఎక్కువ. అప్పుడు పులిహోర పంచేవాళ్లు ఒక్కరూ ఉండరు.

పైగా ఈ రోజుల్లో అన్నం పొట్లం అందరికన్నా చివర రావాల్సిన సాయం. అన్న క్యాంటీన్‌లో ఐదు రూపాయలకు భోజనం దొరుకుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. ప్రభుత్వం ఇచ్చినదాన్నే మళ్లీ ఇచ్చి ఫోటో దిగడం కన్నా, ప్రభుత్వం ఇవ్వనిది ఏమిటో ఒక గంట కూర్చుని కనుక్కోవచ్చు. డైపర్ల ప్యాకెట్టు పంచుతున్నట్టు ఫోటో బాగుండదు, ఒప్పుకుంటాను.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చినప్పుడు ఇదే చూశాం. పాతబస్తీ మునిగింది. నీళ్లు తీసిన మొదటి రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో లారీలు వచ్చాయి. చర్చిలు, మసీదులు, గుళ్లు, లయన్స్ క్లబ్బులు, పక్క జిల్లాల కాలేజీ పిల్లలు, ఎవరికీ వంక పెట్టలేం. కాని పాత బట్టలు రోడ్డు మీద కుప్పలు పడి, చివరికి బురద తుడుచుకోవడానికి పనికొచ్చాయి. కుట్టు మిషన్ తుప్పు పట్టిన టైలరు, పుస్తకాలన్నీ పేస్టులా ముద్దయిపోయిన బడిపిల్ల, తోపుడు బండి కొట్టుకుపోయిన మనిషి, వీళ్లకు అవసరం తెలిసొచ్చేటప్పటికి లారీలు వెళ్లిపోయాయి. మిషన్ రిపేరు చేయించి, రెండు నెలల తర్వాత ఎట్లా నడుస్తోందో చూడటానికి తిరిగొచ్చినవాళ్లు అరుదు.

మన సీమలో క్రైస్తవ్యం పుట్టి పెరిగిందే కరువులో అనిపిస్తుంది నాకు. 1876-78 నాటి ధాత కరువు పేరు చెబితే మా జేజి వాళ్ల జేజి చెప్పిందని ఏవో మాటలు చెప్పేది, చింతపిక్కలు దంచుకుని తిన్నారని, ఆకులన్నీ దూసేసి చెట్లు మోళ్లయ్యాయని. కడప, కర్నూలు, బళ్లారి జిల్లాల్లో జనం పిట్టల్లా రాలారు. ప్రభుత్వం తరఫున రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి కరువు పనుల్లో మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, అంటే 450 గ్రాములు, ఒక అణా చాలని తేల్చాడు. మద్రాసు ప్రెసిడెన్సీ ఆరోగ్యశాఖ పెద్ద కార్నిష్ ఆ తిండితో మట్టి మోసే మనిషి బతకడని గొడవపడ్డాడు.

ఆ కరువులోనే ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ చేసిన పని ప్రతి పాస్టరూ ఏడాదికోసారైనా చెప్పాలి. ఆయన పని మన వైపూ ఉండేది. కంభం తాలూకా అప్పుడు కర్నూలు జిల్లాయే, 1970లో ప్రకాశం జిల్లా వచ్చాకే అటు పోయింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఉచితంగా పంచే గంజి కన్నా పని, కూలి మేలని. వేలమంది మాలమాదిగలు అక్కడికొచ్చి బతికారు. వాళ్లలో బాప్తిస్మం అడిగినవాళ్లు గుంపులు గుంపులు. ఆయన ఇవ్వలేదు. కూలి, సాయం తన చేతి మీదుగా జరుగుతున్నంత కాలం, ఏడాదికి పైగా, ఒక్కరికీ ఇవ్వలేదు. కడుపు కోసం వచ్చారో, దేవుడి కోసం వచ్చారో తేలాలంటే అన్నం పెట్టే చేయి పక్కకు తప్పుకోవాలని ఆయన లెక్క. సాయం ఆగిపోయాకే తలుపు తెరిచాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ సంఖ్యను మనవాళ్లు స్టేజీల మీద గర్వంగా చెప్తారు. ముందున్న ఆ నిరాకరణను చెప్పరు. నాకు సంఖ్య కన్నా నిరాకరణే పెద్దదిగా కనిపిస్తుంది. ఎంత ఆగినా వచ్చినవాళ్ల మనసులో తిండి పెట్టిన కృతజ్ఞత లేకుండా ఉంటుందా అంటే, ఉండే ఉంటుంది. మనిషి మనసును అంత శుభ్రంగా విడదీయలేం. కాని ఇచ్చేవాడు తన వైపు నుంచి షరతు తీసేశాడు. అది అతని చేతిలో ఉన్న పని, చేశాడు. ఈ రోజు మందుల కవరులో కరపత్రం పెట్టాలని పట్టుబట్టేవాళ్లు నూట యాభై ఏళ్ల కిందటి ఆ దొర కన్నా వెనకున్నారు. సిస్టరమ్మ చర్చి పేరు ఎత్తొద్దన్నప్పుడు ఆమెకు క్లౌ సంగతి తెలుసో లేదో నేను అడగలేదు.

ఇవ్వడం మన ఒక్కరి సొత్తు కాదని కూడా ఇక్కడే అనేస్తాను. ధాత కరువుకు పదేళ్ల ముందు, 1866 కరువులో ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. కోయిలకుంట్ల వైపు ఇప్పటికీ ఆయన మీద పాటలు పాడతారు. అనంతపురం జిల్లా పల్లెల్లో సత్యసాయి నీళ్లు తాగి పెరిగిన క్రైస్తవులు ఎంతమందో. మనం ఎక్కువ కనికరం గలవాళ్లమని రుజువు చేసుకోవాల్సిన పందెం ఏదీ లేదు.

తిరిగొచ్చే దాతృత్వానికి మన సీమలో కళ్లెదుట కనిపించే ఉదాహరణ అనంతపురంలో ఉంది. విన్సెంట్ ఫెర్రర్. స్పెయిన్ దేశం నుంచి వచ్చిన, జెస్యూట్ అనే క్యాథలిక్ సభకు చెందిన ఫాదర్. 1952లో ఇండియాకు వచ్చి మహారాష్ట్రలో మన్మాడ్ దగ్గర రైతులతో బావులు తవ్వించాడు. గిట్టనివాళ్లు గొడవ చేస్తే 1968లో దేశం వదిలి పొమ్మన్నారు. ఆయన కోసం రైతులు వేలాదిగా నడిచి నిరసన చేశారు. ఇందిరాగాంధీ జోక్యంతో మరుసటి ఏడు తిరిగి రాగలిగాడు. ఈసారి వచ్చింది అనంతపురానికి, వాన రాని జిల్లాకు. 1969లో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టాడు. 1970లో జెస్యూట్ సభ వదిలేశాడు, ఆన్ పెర్రీని పెళ్లి చేసుకున్నాడు. చర్చి దుస్తులు తీసేశాక కూడా జనం ఆయన్ను ఫాదర్ అనే పిలిచారు. బత్తలపల్లిలో, కళ్యాణదుర్గంలో, కణేకల్లులో ఆసుపత్రులు, ఎస్సీ ఎస్టీ వాడల్లో బడులు, ఇళ్లు, ఆ ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేరు మీద. 2009 జూన్ 19న చనిపోయేదాకా, నలభై ఏళ్లు, అదే జిల్లాలో ఉన్నాడు.

ఆ నలభై ఏళ్లే నాకు ముఖ్యం. ఒక ఏడాదికి వచ్చి పది బావులు తవ్వించి పోయుంటే ఆయన పేరు ఏదో శిలాఫలకం మీద మిగిలేది. బావి ఎండిపోతుంది, మోటారు కాలిపోతుంది, బడి మానేసిన ఆడపిల్లకు పెళ్లి చేసేస్తారు. వీటన్నిటికీ మళ్లీ మళ్లీ రావాలి. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి కథ కూడా అంతే. లండన్ మిషన్ డాక్టరు పందొమ్మిదో శతాబ్దం చివర ఆ మూలకు వచ్చి ఉండిపోబట్టే ఊరికి ఆసుపత్రి మిగిలింది.

కాని ఇక్కడో చిక్కుంది. బయటివాళ్లు వచ్చి ఇంత చేయడం చూసి చూసి, ఇవ్వడమంటే బయటి నుంచి రావాల్సిందని మనకు ఒంటబట్టింది. మిషన్ కాంపౌండు, విదేశీ ఫండ్, స్పాన్సర్‌షిప్. ఈ తరంలో మా సంఘంలో టీచర్లున్నారు, రైల్వే ఉద్యోగులున్నారు, సాఫ్ట్‌వేర్ పిల్లలున్నారు, బెంగళూరులో ఫ్లాట్లున్నాయి. అయినా దాతృత్వం మాట ఎత్తితే "ఎక్కడినుంచైనా ఫండు వస్తుందేమో చూడండి" అంటారు. మా జేజి కూలికి పోయేది. వంటకు గింజలు తీసేటప్పుడు ముందు ఒక పిడికెడు పక్కన గురిగిలో వేసేది. జొన్నలో, కొర్రలో, ఆ రోజు ఏవుంటే అవి. వారం చివర స్త్రీల కూటంలో అందరివీ కలిపేవారు. అవి పోయేది ఊళ్లో దిక్కులేని ముసలివాళ్లకు. వాళ్లలో క్రైస్తవులు కానివాళ్లూ ఉండేవారు, ఎవరూ ప్రశ్న వేసినట్టు నాకు జ్ఞాపకం లేదు. రెండో కొరింథీ పత్రిక ఎనిమిదో అధ్యాయంలో పౌలు మాసిదోనియ సంఘాలను మెచ్చుకున్నది సరిగ్గా దీనికే. నిరుపేదలై ఉండి కూడా, చేతనైనదానికి మించి ఇచ్చారని.

ఇప్పుడు చందా ఎటు పోతోందో చూడండి. నేను సంఘ కమిటీలో ఉన్నాను కాబట్టి లెక్కలు చూస్తాను. మైకు సెట్టు, హాలుకు ఏసీలు, గేటుకు ఆర్చి, కన్వెన్షన్ పందిరి, అతిథి ప్రసంగీకుల ప్రయాణ ఖర్చులు. కొన్ని కావాల్సినవే. ఎండాకాలం కర్నూల్లో ఏసీ లేకుండా ముసలివాళ్లను రెండు గంటలు కూర్చోబెట్టడం కూడా కనికరం కాదు. అయితే బీదల సహాయం అనే పద్దు చివర్న, "ఇతరములు" పైన ఉంటుంది. దశమభాగం గురించి ప్రసంగం వచ్చిందంటే మలాకీ మూడో అధ్యాయం తప్పదు, పదియవ భాగమంతయు మందిరపు నిధిలోనికి తీసుకురండి అని. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివరి రెండు వచనాల మీద ప్రసంగం విన్నవాళ్లు చేయెత్తండి. మూడేళ్లకోసారి పంటలో పదోవంతు ఊళ్లోనే ఉంచాలి, లేవీయులతో పాటు పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాండ్రు వచ్చి కడుపునిండా తినాలి, అని అక్కడ రాసుంది. దశమభాగం చట్టమైతే ఇదీ ఆ చట్టంలో భాగమే. సగం చదివి వసూలు చేయడం అప్పుపత్రంలో మొదటి పేజీ మాత్రమే చూపించినట్టుంది.

కమిటీలో ఈ మాట ఎత్తినప్పుడు వచ్చే అభ్యంతరాలు నాకు కంఠతా వచ్చు. ముందు మన సంఘం బీదలను చూసుకోవాలి, తర్వాతే బయటివాళ్లు, అంటారు. గలతీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయం చూపిస్తారు, విశేషముగా విశ్వాసగృహమునకు చేరినవారియెడల మేలు చేయుదము అని. ఆ వాక్యంలో దానికి ముందే "అందరియెడలను" అని ఉంది. పైగా సమరయుడు కాపాడిన మనిషి ఏ సంఘం వాడో యేసు చెప్పనేలేదు. యూదులకూ సమరయులకూ పొత్తు లేదని యోహాను నాలుగో అధ్యాయంలో రాసుంది కాబట్టి, సమరయుడి సంఘం వాడైతే మాత్రం కాకపోయుండొచ్చు.

రెండోది, ఇస్తే సోమరులవుతారు. ఇది ఎక్కువగా అనేది ఎవరంటే, మధ్యాహ్నం రెండు గంటలు పడుకునేవాళ్లు. పని చేయనివాడు భోజనం చేయకూడదని థెస్సలొనీకయులకు పౌలు రాసింది కాళ్లూ చేతులూ ఆడుతూ పనికి పోనంటున్నవాళ్ల గురించి. మిరప చేలో ట్రాక్టరు తిరగబడి తొడ ఎముక విరిగిన మనిషికి ఆ వాక్యం వినిపించడం పాపం. మా పుస్తకంలో రాసుకున్న ఖాతాల్లో ఎక్కువమంది మళ్లీ రాలేదు. వచ్చినవాళ్లలో కోసిగి వైపు అవ్వ ఒకావిడ సంచీలో బుడ్డలు, అంటే వేరుశనగ కాయలు, తెచ్చి కౌంటరు మీద పోసి, "ఆ రోజు రేటు తగ్గించినావు కదా నాయనా, ఇవి నీ పిల్లలకు" అంది. అవి తన చేనువి కావు. పంట పీకేసిన చేలల్లో నేలలో మిగిలిపోయిన కాయలు తవ్వి ఏరుకొచ్చినవి. బైబిల్లో రూతు బోయజు చేలో పరిగె ఏరుకున్నట్టే, మన దగ్గర ఇప్పటికీ చేను వదిలేశాక ఆడవాళ్లు పోయి ఏరుకుంటారు, మంచి రైతులు ఏమీ అనరు. ఆ బుడ్డలు సిస్టరమ్మకు చేర్చాను. ఆమె వేయించి చర్చి పిల్లలకు పెట్టారు, ఎక్కడివో చెప్పలేదు.

మూడో అభ్యంతరం కాస్త బరువైంది. పేరు చెప్పకుండా ఇస్తే చర్చికి సాక్ష్యం ఎట్లా అవుతుంది? మనం వెలుగు కదా, కొండమీది పట్టణం కదా? నిజమే, మత్తయి ఐదో అధ్యాయంలో మీ సత్క్రియలు మనుషులు చూడాలని ఉంది, ఆరో అధ్యాయంలో కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ఉంది. రెండూ ఒకే ప్రసంగంలో, ఒకే నోట. నేను దీన్ని ఇలా సర్దుకున్నాను. ఒక ఊళ్లో ఇరవై ఏళ్లు నిలబడి పనిచేసే ఆసుపత్రి దాచినా దాగదు, దాగక్కర్లేదు. కాని మందులకు డబ్బు చాలని మనిషి మొహం దాగాలి. ఫోటోలో మన బ్యానరు కనబడటానికి ఆ మనిషి మొహం కనబడాల్సి వస్తుంటే, అక్కడ ఆరో అధ్యాయమే వర్తిస్తుంది. డాక్టర్లు పేషెంటు వివరాలు బయటపెట్టరు. మనం మాత్రం వాళ్ల ఇబ్బందిని వాట్సాప్ స్టేటస్‌లో పెడతాం.

ఈ మధ్య కమిటీలో ఒక తీర్మానం పెట్టాను. నెలకు వచ్చే చందాలో పదోవంతు పక్కన పెట్టి, ఆసుపత్రుల దగ్గర ఒక మందుల షాపులో, ఒక మెస్సులో ఖాతా తెరవాలని. ఖాతా నవంబరు, డిసెంబరులో కాకుండా జనవరిలో మొదలవ్వాలి, ఏడాది పొడుగునా నడవాలి. ఎవరికివ్వాలో నర్సులు, వార్డు ఆయాలు చెప్తారు, వాళ్లకే తెలుసు. బిల్లు నంబరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. చర్చి పేరూ ఉండదు. గంటసేపు వాదన జరిగింది. ట్రెజరర్ అన్న నిజాయితీ గల మనిషి, పేర్లు లేకుండా ఆడిట్ ఎట్లా చేయించాలని టెన్షన్ పడ్డాడు. జీఎస్టీ బిల్లు ఉంటే చాలని, ఆడిటరుకు కావాల్సింది మందు పేరు, రేటు మాత్రమేనని చెప్పాను. చివరికి ఈస్టరుకు ముందు వచ్చే లెంట్ ఉపవాసాల నలభై రోజులకు మాత్రం ఒప్పుకున్నారు, అదీ పదోవంతు కాదు, ఒక చిన్న మొత్తం.

ఆ ఖాతా మా షాపులో వద్దని నేనే చెప్పాను. కమిటీ మెంబరు షాపులో సంఘం డబ్బు తిరిగితే రేపు మాట పడాల్సొస్తుంది. మా వరసలోనే నాలుగు షాపుల అవతల ఒక భాయ్ షాపుంది. సరుకు మంచిది, రేటు సరైంది, రాత్రి పన్నెండు దాకా తెరిచే ఉంటుంది. ట్రెజరర్ అన్నా నేనూ కలిసి వెళ్లి సంగతంతా చెప్పాం. భాయ్ టీ తెప్పించి, అంతా విని, అడిగింది ఒక్కటే. "సార్, మీరిచ్చిన డబ్బు పదో రోజుకే అయిపోతుంది. పదకొండో రోజు ఒకావిడ చీటీ తెచ్చి నిలబడితే నేను ఇవ్వాలా వద్దా? ఇస్తే ఎవరు కడతారు?"

ట్రెజరర్ అన్న నా మొహం చూశాడు. కమిటీని అడిగి చెప్తామన్నాం. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మీటింగు ఉంది. ఎజెండాలో మొదటి అంశం ఇదే పెట్టమన్నాను, ఏసీ రిపేరు కన్నా ముందు.